పట్టిన ఎలుకను పరీక్షించేదెవరు?

(గోదావరి డెల్టాలోని ఒక శాఖా గ్రంథాలయంలో, వైద్య విద్యార్థులకు మైక్రోబయాలజీ బోధించి రిటైరైన ఒక అధ్యాపకురాలి ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారమండి. వెనకాల ఉన్నవాళ్ళకి వినపడుతోందా? వినపడకపోతే మొహమాటం లేకుండా చెయ్యెత్తండి. రైతులు చాలామందే వచ్చారు. నర్సమ్మలున్నారు, ల్యాబ్ టెక్నీషియన్లున్నారు, అదిగో ఆ మూల డిగ్రీ కాలేజీ పిల్లలున్నారు. ఇంతమందికి ఒకే మాట చెప్పాలంటే ఎవరికో ఒకరికి బోరు కొట్టక తప్పదు. రైతులకి బోరు కొట్టినప్పుడు పిల్లలు వినండి, పిల్లలకి కొట్టినప్పుడు రైతులు వినండి. అలా సర్దుకుపోదాం.

ముందు నేనే ఒక ప్రశ్న అడుగుతాను. ఎలుక అనగానే మీకేం గుర్తొస్తుంది? చెప్పండి, గట్టిగా చెప్పండి. పొట్ట దశలో కొరికేసిన చేనా? అవును. ఇంకా? గట్లకి కన్నాలు, సరే. కొబ్బరి చెట్టు కింద రాలిన పిందెలు. ధాన్యం బస్తాలు. మందు కలపడం. మందు ఎలా కలుపుతారండీ? నూకలు 96 పాళ్ళు, నూనె 2 పాళ్ళు, బ్రోమోడయోలోన్ 2 పాళ్ళు. చూశారా, నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఎలుక గురించి ఇన్ని చెప్పారు కదా, జ్వరం అని ఒక్కరైనా అన్నారా? నర్సమ్మలు కూడా అనలేదు. నేను వచ్చింది ఆ ఒక్క మాట కోసమే.

ఆ, అంటున్నారు ఇప్పుడు. ‘ఎలుక జ్వరం’. లెప్టోస్పైరోసిస్. అది నిజమే, అది ఎలుక మూత్రం కలిసిన నీళ్ళలోంచి వస్తుంది, ఊడ్పులప్పుడు కాళ్ళకి పుళ్ళున్నవాళ్ళకి సులువుగా పట్టుకుంటుంది. కానీ అది బ్యాక్టీరియా. దానికి మందుంది. ఇవాళ నేను చెప్పేది వైరస్ గురించి. ఎలుకలో ఉంటూ, ఎలుకని ఏమీ చెయ్యకుండా, మనిషి మీదకి వచ్చే వైరస్‌ల గురించి. వాటిని ఎలా పట్టుకుంటారో, పట్టుకునే పనిముట్టు ఎలా పుట్టిందో. ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. ఆ వైరస్ మన కోనసీమలో ఉందని చెప్పడానికి నేను రాలేదు. రేపు పొద్దున్న వాట్సాప్‌లో అలా తిప్పకండి. ఉందో లేదో చూడాలంటే ఎలా చూడాలి, అది చెప్పడానికి వచ్చాను.

కొరియా యుద్ధం తెలుసు కదా, 1950 నుంచి 1953 దాకా. అక్కడ ఐక్యరాజ్యసమితి సైన్యంలో 3 వేల మంది దాకా ఒక వింత జ్వరంతో పడిపోయారు. జ్వరం, మొహం ఎర్రబడటం, బీపీ పడిపోవడం, తర్వాత మూత్రం ఆగిపోవడం, ఒంట్లో రక్తస్రావం. ఏం జబ్బో తెలీదు. యుద్ధం అయిపోయింది, సైన్యాలు వెళ్ళిపోయాయి, జబ్బు మాత్రం ఏంటో తేలలేదు. ఒకటీ రెండూ కాదు, ఇరవై ఏళ్ళు దాటిపోయాయి. 1976లో హో వాంగ్ లీ అనే కొరియా శాస్త్రవేత్త పట్టుకున్నాడు. ఎక్కడ పట్టుకున్నాడు? పొలంలో తిరిగే చారల ఎలుక ఊపిరితిత్తుల్లో.

ఎలా పట్టుకున్నాడో వినండి, ఎందుకంటే ఇవాళ్టి కథంతా అందులోనే ఉంది. జబ్బు నుంచి కోలుకున్న మనిషి రక్తంలో ఆ వైరస్‌కి వ్యతిరేకంగా యాంటీబాడీలు, అంటే వైరస్‌ని గుర్తుపట్టి అతుక్కునే ప్రొటీన్లు, తయారై ఉంటాయి కదా. ఆ రక్తంలోంచి సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం, తీశాడు. ఎలుక ఊపిరితిత్తిని పల్చటి పొరలుగా కోసి, గాజుపలక మీద పెట్టి, దాని మీద ఆ సీరం వేశాడు. వైరస్ ఉంటే యాంటీబాడీ వెళ్ళి అతుక్కుంటుంది. అతుక్కున్నదాన్ని మెరిసే రంగుతో చూపించే ఇంకో యాంటీబాడీ వేశాడు. మైక్రోస్కోపులో చూస్తే ఊపిరితిత్తి కణాల్లో ఆకుపచ్చగా చుక్కలు చుక్కలుగా వెలిగింది. ఆ దగ్గర్లో పారే హంటాన్ నది పేరే వైరస్‌కి పెట్టారు. హంటా వైరస్ అని మనం అనేది దాన్నే, దాని చుట్టాలన్నిటినీ కలిపి.

చుట్టాలు చాలామందే ఉన్నారండి. ఒక్కో రకం ఎలుకకి మామూలుగా ఒక్కో హంటా వైరస్. ఫిన్లాండ్ అడవి ఎలుకలో పూమలా వైరస్, అది కాస్త మెత్తటిది, చనిపోయేవాళ్ళు నూటికి ఒకరు కూడా ఉండరు. కొరియా హంటాన్ వైరస్ అయితే నూటికి 5 నుంచి 15 మంది దాకా. ఊర్లలో, రేవుల్లో తిరిగే గోధుమ రంగు ఎలుకలో సోల్ వైరస్, అది ఓడలెక్కి ప్రపంచమంతా తిరిగేసింది. కాకినాడలో ఓడరేవుంది కదా అని కంగారు పడకండి, కంగారు పడమని చెప్పట్లేదు. అమెరికా ఖండాల్లో ఉన్నవి మూత్రపిండాలని వదిలి ఊపిరితిత్తుల మీద పడతాయి. అవి మరీ చెడ్డవి, నూటికి 35 మందికి పైగా పోతారు.

మరి ఎలుకకి ఏమవుతుంది? ఏమీ కాదు! అదే దీనిలో తిరకాసు. ఎలుక శుభ్రంగా తింటుంది, పిల్లల్ని పెడుతుంది, బతికినంత కాలం మూత్రంలో, పెంటికల్లో, లాలాజలంలో వైరస్‌ని వదులుతూనే ఉంటుంది. అది ఎండిపోయి దుమ్ములో కలుస్తుంది. మూసిపెట్టిన గదిని మీరు తలుపు తీసి చీపురుతో ఊడుస్తారు. దుమ్ము లేస్తుంది. పీలుస్తారు. కుట్టేది లేదు, కరిచేది లేదు. ఊడ్చారు, అంతే. మన ఇళ్ళల్లో ఏడాదంతా మూసుంచి సార్వా కోతలకి ముందు తెరిచే గాదె గది ఉంటుంది చూడండి, ఏ దేశంలో జబ్బు కథ చదివినా నాకు ఆ గదే గుర్తొస్తుంది.

మన దేశం సంగతికి వస్తాను. పిల్లలూ, ఇది రాసుకోండి. హంటా జాతిలో ప్రయోగశాలలో మొట్టమొదట వేరుచేసిన వైరస్ కొరియాలో దొరకలేదు, మన పక్కనే వేలూరులో దొరికింది. 1964లో మెదడువాపు జ్వరం కోసం వెతుకుతూ ఒక చుంచెలుకని పట్టి పరీక్షిస్తే ఏదో కొత్త వైరస్ కనిపించింది. అది దొరికిన పేట పేరుతో తోట్టపాళయం వైరస్ అన్నారు. అది హంటా జాతిదని గుర్తించడానికి చాలా ఏళ్ళు పట్టింది. అన్నట్టు చుంచెలుక నిజానికి ఎలుక జాతిది కాదు, ముక్కు పొడుగ్గా ఉండి, కంపు కొడుతూ, గోడవార పరిగెడుతుందే, అది పురుగుల్ని తినే వేరే జాతి. మన ఇళ్ళలో దానికి ఏ లోటూ లేదు. ఆ తర్వాత వేలూరు పరిశోధకులే జ్వరాలొచ్చిన మనుషుల రక్తంలో హంటా యాంటీబాడీలున్నాయని కూడా చూపించారు. కాబట్టి ‘అది కొరియా జబ్బు, మనకెందుకు’ అనడానికి లేదు.

ఇప్పుడు డాక్టరు గారి కష్టం ఒకసారి ఆలోచించండి. వానాకాలం. ఒక కౌలు రైతు వచ్చాడు. అయిదు రోజులుగా జ్వరం, ఒళ్ళునొప్పులు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ప్లేట్‌లెట్లు పడిపోయాయి, క్రియాటినిన్ పెరిగింది, అంటే కిడ్నీలు దెబ్బతింటున్నాయి. ఏంటది? డెంగీనా? లెప్టోనా? స్క్రబ్ టైఫస్సా? మలేరియానా? హంటా కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. మొహం చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు. డెంగీ పరీక్ష చేయిస్తారు, లేదని వస్తుంది. లెప్టో లేదని వస్తుంది. చివరికి కాగితం మీద ‘వైరల్ ఫీవర్’ అని రాసి పంపేస్తారు. వైరల్ ఫీవర్ అంటే ఏంటండీ? ఏ వైరస్? నేను పనిచేసినన్నాళ్ళూ నన్ను విసిగించిన మాట అది. పేరు పెట్టలేకపోయాం అని ఒప్పుకోవడానికి బదులు రాసే మాట.

పేరు పెట్టాలంటే పరీక్ష కావాలి. పరీక్షకి పనిముట్టు యాంటీబాడీ. హో వాంగ్ లీ వాడింది రోగి సీరం. పని జరిగింది, కాదనను. కానీ ఆ సీరంలో ఏముంటుంది? ఆ మనిషి పుట్టిన దగ్గర్నుంచి తగిలిన ప్రతి జబ్బుకీ తయారైన యాంటీబాడీలుంటాయి. ఆ ఒక్క వైరస్‌కే కూడా రకరకాలవి, వైరస్‌లో ఒక్కో ముక్కకి అతుక్కునేవి, గట్టిగా అతుక్కునేవి, వదులుగా అతుక్కునేవి. ఒక సీసా అయిపోతే ఇంకో రోగి సీరం తేవాలి. అది ఇలాగే పనిచేస్తుందా? చెయ్యదు. ఇవాళ చేసిన పరీక్షకీ వచ్చే ఏడాది చేసిన పరీక్షకీ పొంతన ఉండదు.

దీనికి విరుగుడు 1975లో దొరికింది. కేంబ్రిడ్జ్‌లో జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టైన్ అని ఇద్దరు. మోనోక్లోనల్ యాంటీబాడీ అంటే ఏంటో చెప్పడానికి నేను కాలేజీలో బోర్డు నిండా బొమ్మలు వేసేదాన్ని. ఇక్కడ ఆ అవసరం లేదు, ఎందుకంటే మీరు విత్తనం కట్టినవాళ్ళు. మార్టేరు వరి పరిశోధన కేంద్రం మనకి ఎంత దూరం? 1982లో స్వర్ణ వరి అక్కణ్ణుంచే వచ్చింది, ఎంటీయూ 7029. విత్తనం కట్టేటప్పుడు ఏం చేస్తారు? కేళీలు, అంటే వేరే రకం మొక్కలు, ఏరేస్తారు. ఇంకా స్వచ్ఛంగా కావాలంటే? ఒక్క మొక్క, ఒక్క కంకి తీసి, ఆ కంకి గింజల్ని విడిగా ఒక వరసలో వేస్తారు. అందులోంచి వచ్చినదంతా ఒకే రకం. ఎత్తు ఒకటే, కోతకొచ్చే రోజు ఒకటే. రోగి సీరం అంటే కళ్ళంలో అన్నీ కలిసిపోయిన గింజలు. మోనోక్లోనల్ అంటే ఒకే కంకి విత్తనం. యాంటీబాడీని తయారుచేసే కణాల్లో ఒకే ఒక్క కణాన్ని తీసి, దాన్నే పెంచి, దాని సంతానం ఇచ్చే యాంటీబాడీని మాత్రమే వాడతారు.

మరి ఇంత తేలికైతే అంతకుముందు ఎందుకు చెయ్యలేదు? ఎందుకంటే ఆ కణం బతకదు. శరీరంలోంచి తీసి గాజుపాత్రలో పెడితే కొద్ది రోజుల్లో చచ్చిపోతుంది. మరోపక్క క్యాన్సర్ కణం ఉంది, అది చావనే చావదు, పెరుగుతూనే ఉంటుంది, కానీ మనకి కావలసిన యాంటీబాడీ ఇవ్వదు. వాళ్ళిద్దరూ ఈ రెంటినీ కలిపేశారు. కలిపేశారంటే నిజంగానే, రెండు కణాలని ఒక కణంగా. పద్ధతి చెబుతాను. చిట్టెలుకకి వైరస్ ప్రొటీన్ ఇంజెక్షన్ చేస్తారు, కొన్ని వారాల్లో రెండు మూడు సార్లు. దాని ప్లీహం తీస్తారు, యాంటీబాడీ కణాలు అక్కడ దండిగా ఉంటాయి. ఆ కణాలని మైలోమా అనే క్యాన్సర్ కణాలతో కలిపి, ఇప్పుడైతే పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే రసాయనం వేస్తారు. కొన్ని అతుక్కుంటాయి. చాలా అతుక్కోవు. అతుక్కోనివాటిని ఏం చెయ్యాలి?

ఇక్కడే తెలివంతా ఉంది. వాడే క్యాన్సర్ కణంలో ముందే ఒక ఎంజైమ్ లేకుండా చూసుకుంటారు. హ్యాట్ అనే మందు కలిపిన ద్రవంలో వేస్తే, ఆ ఎంజైమ్ లేని కణం చచ్చిపోతుంది. విడిగా మిగిలిన ప్లీహ కణం ఎలాగూ నాలుగు రోజుల్లో చస్తుంది. అతుక్కున్న జంటకి ఎంజైమ్ ప్లీహ కణం నుంచి వచ్చింది, చావకుండా పెరిగే గుణం క్యాన్సర్ కణం నుంచి వచ్చింది. అదొక్కటే బతుకుతుంది. దాన్ని హైబ్రిడోమా అంటారు. రెండు వారాల్లో గుంటల అడుగున చిన్న చిన్న గుంపులు కనిపిస్తాయి. ఒక్కో గుంటలోంచి చుక్క తీసి మనకి కావలసిన ప్రొటీన్‌కి అతుక్కుంటోందా అని చూస్తారు. వందల గుంటల్లో ఏ నాలుగయిదో పనికొస్తాయి. వాటిని మళ్ళీ పల్చగా పలచగా చేసి, గుంటకి ఒక్క కణం పడేలా విడదీస్తారు. ఆ ఒక్క కణం సంతానాన్ని ద్రవ నైట్రోజన్‌లో దాచుకుంటే, పదేళ్ళ తర్వాత తీసినా అదే యాంటీబాడీ. ఎలుక నుంచి వచ్చే జబ్బుని పట్టడానికి చిట్టెలుకే యాంటీబాడీ ఇస్తోంది, చూశారా!

వాళ్ళిద్దరూ దానికి పేటెంటు తీసుకోలేదండి. బ్రిటన్‌లో ఆ పని చూడవలసిన ప్రభుత్వ సంస్థకి దీని విలువ తెలియలేదు. 1984లో నోబెల్ వచ్చింది, నీల్స్ జెర్న్‌తో కలిపి. అప్పటికే ప్రపంచంలో ప్రతి ల్యాబూ వాడేస్తోంది.

మిల్‌స్టైన్ పుట్టింది అర్జెంటీనాలో. ఆ దేశంలో ఒక ఎలుక జ్వరం ఉంది, అది రైతులకి తెలియాలి కాబట్టి చెబుతాను. అక్కడి మైదానాల్లో మొక్కజొన్న కోతలప్పుడు పొలంలో పనిచేసే మగవాళ్ళకి జ్వరం, చిగుళ్ళలోంచి రక్తం. ఏటా కోతలకే. జునిన్ వైరస్, 1958లో గుర్తించారు. పొలం ఎలుకలోంచే వస్తుంది. మందు లేదు. ఏం చేశారంటే, కోలుకున్నవాళ్ళ ప్లాస్మా తీసి, జబ్బు మొదలైన 8 రోజుల లోపల రోగికి ఎక్కించారు. 1979లో ఆ ఫలితాలు ప్రచురించారు. మామూలు ప్లాస్మా ఇచ్చినవాళ్ళలో నూటికి 16 మంది పైగా పోతే, కోలుకున్నవాళ్ళ ప్లాస్మా ఇచ్చినవాళ్ళలో పోయింది నూటికి ఒకరు. అంత తేడా! కానీ ఎనిమిది రోజుల లోపల ఇవ్వాలి. అంటే ఎనిమిది రోజుల లోపల జబ్బు పేరు తెలియాలి. పరీక్ష ఎందుకు, ఎలాగూ మందు లేదుగా అనేవాళ్ళకి నేను చెప్పే జవాబు ఇదే.

సరే, పరీక్ష ఎలా చేస్తారో చూద్దాం. మన టెక్నీషియన్లకి ఇది కొత్త కాదు. డెంగీకి మ్యాక్ ఎలైసా, అంటే రోగి రక్తంలో యాంటీబాడీ ఉందో లేదో రంగుతో చూపించే పరీక్ష, చేస్తారు కదా, పుణె వైరాలజీ సంస్థ కిట్లతో? అదే పద్ధతి. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ ప్లేటు, 8 వరసలు, వరసకి 12 గుంటలు, మొత్తం 96. గుంట అడుగున, మనిషి ఐజీఎం యాంటీబాడీలని పట్టుకునేదాన్ని ముందే పూసి ఉంచుతారు. ఐజీఎం అంటే కొత్తగా జబ్బు చేసినప్పుడు మొదట వచ్చే యాంటీబాడీ. రోగి సీరం పలచన చేసి వేస్తారు. రోగిలో ఉన్న ఐజీఎంలన్నీ, అన్ని జబ్బులవీ, అడుగున అతుక్కుంటాయి. కడుగుతారు. ఇప్పుడు హంటా వైరస్ ఎన్ ప్రొటీన్, అంటే ఆ వైరస్ జన్యుపదార్థాన్ని చుట్టి ఉండే ప్రొటీన్, వేస్తారు. రోగికి హంటా వచ్చి ఉంటే, అడుగునున్న ఐజీఎంలలో కొన్ని ఆ ప్రొటీన్‌ని పట్టుకుంటాయి. రాకపోతే పట్టుకోవు. కడుగుతారు, పట్టు దొరకని ప్రొటీన్ కొట్టుకుపోతుంది. ఆ తర్వాత మన మోనోక్లోనల్. దానికి ఒక ఎంజైమ్ తగిలించి ఉంటుంది. ప్రొటీన్ అక్కడుంటేనే అది నిలుస్తుంది. మళ్ళీ కడుగుతారు. చివర్లో టీఎంబీ అనే రసాయనం వేస్తే, ఎంజైమ్ ఉన్నచోట నీలం రంగు తిరుగుతుంది, యాసిడ్ చుక్క వేస్తే పసుపవుతుంది. మెషీన్ ఆ పసుపు ఎంత చిక్కగా ఉందో చెబుతుంది.

ఎన్నిసార్లు ‘కడుగుతారు’ అన్నాను? లెక్కపెట్టారా? తమ్ముడూ, నవ్వుతున్నావు, నీకు తెలుసు. ఈ పరీక్షలో తప్పులు వచ్చేది ఎక్కువగా కడగడంలోనే. గుంటలో పాత ద్రవం మిగిలిందా, లేని జబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది. సాయంత్రం నాలుగున్నరకి ఇంటికెళ్ళే తొందరలో కడిగిన ప్లేటుని చూస్తే నాకు ఇప్పటికీ టెన్షనే.

ఇందులో ఇంకో సుఖం ఉంది. హంటా వైరస్‌ని ల్యాబులో పెంచాలంటే మూడో స్థాయి భద్రత ఉన్న ల్యాబు కావాలి. కానీ ఎన్ ప్రొటీన్‌ని బ్యాక్టీరియాలో తయారు చేయించుకోవచ్చు. అందులో ప్రాణమున్న వైరస్ ఉండదు. కాబట్టి జిల్లా స్థాయి ల్యాబులో కూడా ఈ పరీక్ష చెయ్యవచ్చు. రోగి శరీరం కూడా మొదట, గట్టిగా, ఈ ఎన్ ప్రొటీన్ మీదకే యాంటీబాడీలు తయారుచేస్తుంది. రెండు విధాలా కలిసొచ్చింది.

ఇప్పటిదాకా మోనోక్లోనల్‌ని పొగిడాను. ఇక దాని లోపం చెప్పాలి. అది ఒక్క ముక్కనే చూస్తుంది. వైరస్ మీద ఎక్కడో ఒక చిన్న ముక్క, దాన్నే గుర్తుపడుతుంది. ఆ ముక్క లేని చుట్టం వస్తే? పక్కనుంచి వెళ్ళిపోయినా కనిపించదు.

1993లో అమెరికాలో నాలుగు రాష్ట్రాలు కలిసే చోట, ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళు ఊపిరాడక చనిపోవడం మొదలైంది. అంతకుముందు ఎవరూ చూడని జబ్బు. అట్లాంటాలోని సీడీసీ, అంటే అమెరికా ప్రభుత్వ జబ్బుల నియంత్రణ సంస్థ వాళ్ళు ఏం చేశారు? రోగుల సీరం తీసుకుని తమ దగ్గరున్న రకరకాల వైరస్‌ల ప్రొటీన్లన్నిటితో కలిపి చూశారు. కొరియా హంటా ప్రొటీన్‌తో, ఫిన్లాండ్ పూమలా ప్రొటీన్‌తో కొద్దికొద్దిగా అతుక్కుంది. పూర్తిగా సరిపోలేదు, కానీ వదల్లేదు. అదే ఆధారం. ఆ తర్వాత పీసీఆర్‌తో, అంటే వైరస్ జన్యుపదార్థాన్నే వెతికే పరీక్షతో, కొత్త హంటా వైరస్ అని తేల్చారు, కొన్ని వారాల్లోనే. దాని ఎలుకని కూడా పట్టుకున్నారు. ఆ ప్రాంతపు నవాహో తెగ పెద్దలు మాత్రం ‘గింజలు బాగా కాసిన ఏడాది ఎలుకలు పెరుగుతాయి, ఎలుకలు పెరిగితే జబ్బొస్తుంది’ అని ముందునుంచే అంటున్నారట. ఆ రోజు సీడీసీ వాళ్ళ చేతిలో ఒక్క వైరస్‌నే చూసే మోనోక్లోనల్ మాత్రమే ఉంటే? జవాబు ‘లేదు’ అని వచ్చేది. కలగాపులగంగా ఉన్న సీరమే అక్కడ పనికొచ్చింది.

కాబట్టి మంచి పరీక్ష తయారుచేసేవాళ్ళు ఏం చేస్తారంటే, రెండు రకాల మోనోక్లోనల్స్ పెట్టుకుంటారు. ఎన్ ప్రొటీన్‌లో మొదటి వంద అమైనో ఆమ్లాల భాగం హంటా చుట్టాలన్నిటిలో చాలావరకు ఒకేలా ఉంటుంది. దాన్ని చూసే యాంటీబాడీతో ‘ఈ కుటుంబమేనా’ అని అడుగుతారు. వైరస్‌కీ వైరస్‌కీ తేడా ఉండే భాగాన్ని చూసే ఇంకోదానితో ‘ఈ కుటుంబంలో ఎవరు’ అని అడుగుతారు. కానీ మన వేలూరు చుంచెలుక వైరస్ ఉందే, అది అంత దూరపు చుట్టం కాబట్టి ఎలుకల హంటాకి చేసిన కిట్‌కి దొరకదు. దానికి దాని ప్రొటీన్‌తోనే పరీక్ష చెయ్యాలి. ఎవరైనా ‘మేం హంటా పరీక్ష చేశాం, లేదు’ అంటే, ఏ హంటాకి చేశారు అని అడగండి. కిట్ పెట్టెలో ఒక కాగితం మడిచి పెడతారు, అందులో ఉంటుంది. ఎవరూ చదవరు!

ఇంకో సంగతి, ఏ రోజు చేశారన్నది. ఆఫ్రికాలో లాసా జ్వరం ఉంది, 1969లో నైజీరియాలోని లాసా ఊళ్ళో బయటపడింది. అదీ ఎలుకదే. అందులో మొదటి రోజుల్లోనే రక్తంలో వైరస్ దండిగా ఉంటుంది. అక్కడ మోనోక్లోనల్‌తో నేరుగా వైరస్ ప్రొటీన్‌నే పట్టుకోవచ్చు. హంటాలో అలా కాదు. వైరస్ తగిలి రెండు మూడు వారాలైతేగాని జ్వరం రాదు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. జ్వరం వచ్చేసరికి రక్తంలో వైరస్ తగ్గిపోతూ ఉంటుంది, యాంటీబాడీ వచ్చేసి ఉంటుంది. అందుకని హంటాలో మనిషి దగ్గర యాంటీబాడీని వెతుకుతాం. ఎలుక దగ్గర? వైరస్ సోకిన ఎలుక ఊపిరితిత్తుల్లో అది ఎప్పుడూ ఉంటుంది. అక్కడ వైరస్‌నే వెతకవచ్చు.

అయిదు నిమిషాల్లో గీత వచ్చే కిట్ల గురించి అడుగుతారని తెలుసు. గర్భం పరీక్ష గీత, మలేరియా కిట్ గీత, కరోనాలో ఇంట్లో చేసుకున్న గీత, అన్నిట్లోనూ ఉన్నవి మోనోక్లోనల్సే. హంటాకీ అలాంటివి ఉన్నాయి. తొందరగా తెలుస్తుంది, మంచిదే. కానీ కొంతమంది రక్తంలో ఎలుక యాంటీబాడీలకే వ్యతిరేకంగా యాంటీబాడీలుంటాయి. కిట్‌లో ఉన్నది చిట్టెలుక యాంటీబాడీ కదా, అవి వెళ్ళి దాన్నే పట్టుకుని లేని గీత తెప్పిస్తాయి. కీళ్ళవాతం ఉన్నవాళ్ళ రక్తం కూడా ఐజీఎం పరీక్షల్లో ఇలాగే తికమక పెడుతుంది. గీత చూసి నిర్ణయించెయ్యకండి. వారం, పది రోజులాగి రెండో సీరం తీసి, యాంటీబాడీ నాలుగు రెట్లు పెరిగిందా అని చూస్తే అప్పుడు నమ్మవచ్చు.

ఇక అసలు చెప్పాలనుకున్నదానికి వస్తున్నాను. మన డెల్టాలో ప్రతి సార్వాకీ, దాళ్వాకీ ఎలుకల్ని పడతారు. ఎలుకలు పట్టేవాళ్ళు వస్తారు, వెదురు బుట్టలు పెడతారు, ఎలుకకింత అని లెక్క తీసుకుంటారు. పంచాయతీలు సామూహికంగా మందు పెట్టిస్తాయి. గోదారికి వరదొచ్చినప్పుడు లంకల్లోని ఎలుకలన్నీ గట్టెక్కి, జనం ఎక్కడ తలదాచుకున్నారో అక్కడికే చేరతాయి. పట్టిన ఎలుకలు గుట్టలు గుట్టలు. ఎన్ని పట్టారో లెక్కుంటుంది, ఎకరానికి ఎంత పంట పోయిందో లెక్కుంటుంది. ఆ ఎలుకలో ఏముందో చూసేవాళ్ళెవరు? వ్యవసాయం వాళ్ళకి ఎలుక అంటే పంట నష్టం. వైద్యం వాళ్ళకి ఎలుక కనిపించదు, రోగి మాత్రమే కనిపిస్తాడు. వీళ్ళిద్దరి మధ్యలో ఎలుక గోతిలోకి పోతోంది.

చెయ్యడం ఏమంత కష్టం కాదండి. ఒకసారి వైరస్ సోకిన ఎలుక రక్తంలో యాంటీబాడీ బతికినంత కాలం ఉంటుంది. బుట్టలో దొరికిన ఎలుక నుంచి నాలుగు చుక్కల రక్తం ఫిల్టర్ కాగితం మీద వేసి ఆరబెడితే చాలు, కవర్లో పెట్టి పంపవచ్చు. కానీ ఒక చిక్కుంది. మామూలు ఎలైసాలో ఒక్కో జంతువు యాంటీబాడీని గుర్తుపట్టడానికి ఆ జంతువుకి సరిపోయిన రసాయనం వేరుగా కావాలి. మన పొలంలో దొరికేది ఒక్క జాతా? పొలం ఎలుక, పందికొక్కు, చిట్టెలుక, కొబ్బరి చెట్టెక్కే ఎలుక. ఇన్నిటికి ఎక్కడ తెస్తాం? మోనోక్లోనల్ ఉంటే తేనక్కర్లేదు! ప్లేటు అడుగున ఎన్ ప్రొటీన్ పూసి, ముందు ఎలుక సీరం వేస్తారు. తర్వాత ఎంజైమ్ తగిలించిన మోనోక్లోనల్ వేస్తారు. ఎలుక సీరంలో యాంటీబాడీ ఉంటే అది ముందే వెళ్ళి ఆ చోటు కప్పేస్తుంది, మోనోక్లోనల్‌కి చోటుండదు, రంగు రాదు. లేకపోతే రంగు వస్తుంది. రంగు రాకపోతే జబ్బు ఉన్నట్టు, అదొక్కటి తిరగేసి గుర్తుపెట్టుకోవాలి. ఏ జంతువన్నది అనవసరం. ఎలుకకీ, పందికొక్కుకీ, మనిషికీ ఒకే ప్లేటు. దీన్ని బ్లాకింగ్ ఎలైసా అంటారు. మన డెల్టాకి సరిపోయిన పరీక్ష ఇదేనని నా అభిప్రాయం. ఎలుకల మీద పనిచేసేవాళ్ళు మార్టేరులో ఉన్నారు, ఎలైసా మెషీన్లు వైద్య కళాశాలల్లో ఉన్నాయి. ఆ రెండిటికీ మధ్య నడిచే మనిషి లేడు, అంతే. ఆ మూలనున్న పిల్లలూ, ప్రాజెక్టుకి టాపిక్ దొరకట్లేదని ఏడుస్తుంటారు కదా, వింటున్నారా? మీరు కత్తి పట్టుకుని ఎలుకని కొయ్యమని కాదు. అది మాస్కు, గ్లవుజులు, శిక్షణ ఉన్నవాళ్ళు చెయ్యాలి. పొలం ఏది, నెల ఏది, ఎలుక జాతి ఏది, ఆ జాబితా రాయడం దగ్గర మొదలెట్టండి.

ప్రశ్నలుంటే అడగండి. ఆ, చెప్పమ్మా. పీసీఆర్ ఉండగా ఇదంతా ఎందుకని. మంచి ప్రశ్న. రక్తంలో వైరస్ ఉన్న కొద్ది రోజుల్లో పీసీఆర్ బ్రహ్మాండం, ఏ వైరస్సో కూడా చెబుతుంది. హంటా రోగి మన దగ్గరికి వచ్చేసరికి ఆ రోజులు దాటిపోతాయి. రెండూ కావాలి, కానీ మొదట ఐజీఎం.

గాదె గది ఎలా ఊడవాలని అడుగుతున్నారు. ఊడవకండి. ముందు తలుపులు, కిటికీలు తీసి అరగంట బయటికి వచ్చెయ్యండి. బ్లీచింగ్ ద్రావణం ఒక పాలు, నీళ్ళు తొమ్మిది పాళ్ళు కలిపి, ఎలుక పెంటికలున్న చోట తడిసేలా చల్లి, అయిదు నిమిషాలు నాననిచ్చి, గ్లవుజులు వేసుకుని తడిగుడ్డతో తియ్యండి. పొడి చీపురు పెట్టద్దు.

చివరి ప్రశ్న, ఆ వెనక మాస్టారు గారిది. ఆయన తమ్ముడికి జ్వరంతో కిడ్నీ దెబ్బతిందట, ఇప్పుడు హంటా పరీక్ష చేయించమంటారా అంటున్నారు. మాస్టారూ, జ్వరం ఇప్పుడు ఉందా? వారంగా ఉందా. అయితే నా ప్రసంగం సంగతి పక్కన పెట్టండి. ముందు లెప్టో, స్క్రబ్ టైఫస్ సంగతి చూడమని డాక్టరు గారిని అడగండి. ఒంటి మీద ఎక్కడైనా, చంకలో, నడుం దగ్గర, కాలిన మచ్చలాంటి నల్లటి పొక్కు ఉందేమో వెతకండి, అది స్క్రబ్ టైఫస్ గుర్తు. ఆ రెండిటికీ డాక్సీసైక్లిన్ పనిచేస్తుంది, రిపోర్టు కోసం ఆగకుండా మొదలెట్టే డాక్టర్లూ ఉన్నారు. హంటాకి అలాంటి మందు లేదు, చేసేదల్లా నీళ్ళు, బీపీ, కిడ్నీ చూసుకుంటూ కాపాడటం, అవసరమైతే డయాలసిస్. మందున్న జబ్బుని ముందు చూడాలి. ఇవాళే, రాత్రి లోపలే తీసుకెళ్ళండి. సీరం కొంచెం ఫ్రిజ్‌లో దాచమని ల్యాబు వాళ్ళకి చెప్పండి. రెండో సీరం వచ్చినప్పుడు పక్కన పెట్టి చూడటానికి అది కావాలి.